బాధ లేని చదువు

కుర్రవాడు పుస్తకం తెరిచాడు. గదిలో ఉన్న మేమంతా చప్పట్లు కొట్టాం.

బయటివాళ్ళెవరైనా చూస్తే మాకు పిచ్చి ముదిరిందనుకునేవాళ్ళు. ఇంటర్ రెండో ఏడాది చదివే పిల్లవాడు ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే చప్పట్లేమిటి? కానీ అంతకు ముందు వారం ఆ పిల్లవాడే, ఆ కుర్చీలోనే, ఆ పుస్తకం ముందే పూటంతా కూర్చుని పెన్ను మూత కొరికాడు, గోళ్ళు కొరికాడు, మాటిమాటికీ మంచినీళ్ళకు లేచాడు, చివరికి అట్ట కూడా ఎత్తకుండా వెళ్ళిపోయాడు. ఈసారి అతని నుదుటికి ఒక పట్టీ కట్టాం. రిబ్బనంత వెడల్పు, చెవుల వెనక రెండు చిన్న బిళ్ళలు. మీట నొక్కగానే, ఆకలేసినవాడు విస్తరి ముందు కూర్చున్నట్టు ముందుకు జరిగి లెక్క మొదలుపెట్టాడు.

మా ప్రొఫెసర్ ఉదయభాస్కర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నిజంగానే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూశారా అరుంధతిగారూ? వీణ్ణి ఇంట్లో ఇన్నేళ్ళుగా బద్ధకస్తుడని తిట్టిపోస్తున్నారు. వీడు బద్ధకస్తుడు కాదండీ. పుస్తకం చూస్తే వీడికి లోపల నొప్పి పుడుతుంది. ఆ నొప్పి తప్పించుకోడానికి వాయిదా వేస్తాడు. నొప్పి తీసేశాం. అంతే."

ఆ మాట అక్షరాలా నిజమని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. మనం చెయ్యకుండా పెట్టుకునే పనులన్నీ కష్టమైనవి కావు. తలుచుకుంటే మనసు చివుక్కుమనేవి.

ఆయన చేసింది చెప్పడం తేలిక. బాగా చదివే పిల్లలు తటపటాయింపు లేకుండా పుస్తకం మీదికి వంగినప్పుడు వాళ్ళ మెదడులో పుట్టే అలలను పట్టి భద్రపరిచారు. పట్టీ ఆ అలలను ఇంకొకరి మెదడుకు కొద్దికొద్దిగా అందిస్తుంది. చుక్క పెరుగు వేసి పాలు తోడుపెట్టడం లాంటిదే. దానికి ఆయన పెట్టిన పేరు 'ఆరంభ'. పేరు వినగానే "ఆరంభశూరత్వం కాదు కదా సర్" అన్నాను. ఎవరూ నవ్వలేదు. మంగళగిరి దగ్గరున్న మా పరిశోధనశాలలో నవ్వుకు కూడా ముందుగా అనుమతి తీసుకోవాలి కాబోలు.

నేను మనస్తత్వ శాస్త్రం చదువుకున్నదాన్ని. పట్టీ తయారైపోయాక ఆ బృందంలో చేరాను. పిల్లల స్వభావాలు అంచనా కట్టడం నా పని. ఎవరు నిదానస్తులు, ఎవరు చిన్నమాటకే కుమిలిపోతారు, ఎవరు ఇచ్చిన పని ఇచ్చినట్టు చేసుకుపోతారు, ఇవన్నీ ప్రశ్నలతో రాబట్టి, పట్టీ ఎలాంటివాళ్ళకు బాగా పనిచేస్తుందో తేల్చాలి. ప్రయోగానికి పిల్లల్ని ఇచ్చింది విజయవాడ శివార్లలోని అగ్రపథం జూనియర్ కాలేజీ. అబ్బాయిలకు ఒక హాస్టలు, అమ్మాయిలకు ఒక హాస్టలు, రెండింటి చుట్టూ గాజుపెంకులు గుచ్చిన ప్రహరీ. గేటు మీద పెద్ద అక్షరాలతో 'బాధ లేని చదువు' అని కొత్త బోర్డు కూడా పెట్టేశారు.

ఆ గేటు లోపల మా అమ్మాయి కూడా ఉంది.

మేదిని వాయిదాల మహారాణి. తెలివిలేక కాదు. వాళ్ళ నాన్న నీటిపారుదల శాఖలో ఇంజినీరు. ఆయన ఇంటికి తెచ్చుకున్న కాలవల లెక్కలు బడిపిల్లగా ఉన్నప్పుడే ఆటలా చేసి పడేసేది. కానీ ఒక పరీక్షలో మార్కులు తగ్గాయంటే ఆ పుస్తకం మంచం కిందికి పోయేది. కనపడకపోతే లేనట్టే. రేపు పరీక్ష అనగా బీరువా సర్దేది. నేను తిడితే ఇంకా శుభ్రంగా సర్దేది. మొదటి ఏడాది సెక్షన్లో దాదాపు చివరికి వచ్చింది. ప్రతి సోమవారం అసెంబ్లీలో ర్యాంకులు పైనుంచి కిందికి మైకులో చదువుతారు. తన పేరు వచ్చేదాకా నిలబడి నిలబడి దాని కాళ్ళు పీకేవి. పట్టీ సంగతి తెలిసిన రోజున అదే నా వెంటపడింది. వాళ్ళ నాన్న ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు.

పట్టీ పెట్టుకున్నాక మేదిని పేరు మైకులో పైకి, ఇంకా పైకి పాకింది. సంక్షిప్తంగా చెప్పాలంటే మా బంధువుల్లో దాని పేరు మర్చిపోయినవాళ్ళకు కూడా గుర్తొచ్చింది. ఔటింగ్ ఇచ్చిన ఒక ఆదివారం ఇంటికొచ్చింది. మా ఆయన సుదర్శన్ పూతరేకులు తెచ్చారు. నేను గోంగూర పచ్చడి నూరి, ఉల్లిపాయ తరిగి పెట్టాను. ఇదివరకు ఆ పచ్చడి కోసం నాన్నతో పోటీపడి పోట్లాడేది. ఆ రోజు గబగబా నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుని, పుస్తకం ముందు కూర్చుంది.

"బంగారుతల్లి! ఎవరూ చెప్పకుండానే!" అన్నారు మా ఆయన, పొంగిపోతూ.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. చదువుతోంది. వీపు కర్రలా నిటారుగా ఉంది. ఉండుండి మెడ బిగుసుకుంటోంది. ఒకసారి చటుక్కున వెనక్కి చూసింది.

"ఏంటే? ఎవరొచ్చారు?"

"ఎవర్లేరమ్మా."

"మరేంటలా చూశావ్?"

"ఏమో. వెనక ఎవరో ఉన్నట్టుంటది అంతే. చదువుతా ఉంటే ఏం కాదు."

"నిద్ర పడుతోందా?"

"పడతంది," అంది. దాని కళ్ళ కింద నలుపు చూస్తే అబద్ధమని తెలుస్తూనే ఉంది. చేతులు పట్టుకున్నాను. అంత ఉక్కలో ఆ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. మొదటి ర్యాంకుకు దగ్గరైన పిల్ల నా ఎదుట కూర్చుని ఉంది, నా కూతురు మాత్రం ఎక్కడా కనపడటం లేదు.

మర్నాడు లాబులో నా లెక్కలన్నీ ముందు వేసుకుని కూర్చున్నాను. నిదానస్తులైన పిల్లలకు పట్టీ వల్ల పెద్ద తేడా రాలేదు. మార్కులు అమాంతం పెరిగింది ఎవరికంటే, తొందరగా కలతపడే స్వభావం ఉన్నవాళ్ళకు. ఎంత బెదురుగొడ్డయితే అంత ర్యాంకు. కాగితం తీసుకెళ్ళి ప్రొఫెసరుగారి బల్ల మీద పెట్టాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "మనం అనుకున్నదే కదండీ! నొప్పి ఎక్కువున్నవాళ్ళకే మేలు ఎక్కువ."

"నొప్పి పోయినవాడు హాయిగా నిద్రపోవాలి కదా సర్. వీళ్ళకు నిద్ర తగ్గింది. అరచేతుల్లో చెమటలు. మా అమ్మాయి మాటిమాటికీ వెనక్కి చూస్తోంది. పోయింది నొప్పి కాదేమో."

"పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. ఆమాత్రం ఉంటుంది."

"అసలు ఆ మొదటి అలలు ఎక్కడ పట్టారు?"

"అబ్బాయిల హాస్టల్లో. సాయంత్రం స్టడీ అవర్స్‌లో. టాపర్లందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టి తీసుకున్నాం. ఎంత ప్రశాంతం అనుకున్నారు! పక్క గదిలో యంత్రాల ముందున్న మాకు ఒక్క మాట కూడా వినపడలేదు." ఆయన ఆ ప్రశాంతతను తలుచుకుని కళ్ళు మూసుకున్నారు. ఆయన సర్కారు బళ్ళో, చింతచెట్టు నీడలో చదువుకున్న మనిషి. హాస్టలు మొహం ఎరగరు. నేనూ డే స్కాలర్నే. నాకూ ఏమీ తట్టలేదు.

తట్టకపోయినా ఊరుకోబుద్ధి కాలేదు. వాడుకలో లేని పట్టీ ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకున్నాను, నేనే పెట్టుకుని చూద్దామని. మా ఆయన నా చేతిలోంచి లాక్కున్నారు.

"ఇలా తే. మా బంగారుతల్లి పెట్టుకునేది నేను పెట్టుకోకూడదా? అటక సర్దాలి సర్దాలి అని నువ్వు ప్రాణం తీస్తున్నావుగా. చూద్దాం దీని మహిమ."

మా అటక సంగతి చెప్పాలి. మేం ఆ ఇంట్లోకి వచ్చినప్పట్నుంచీ ఆయన దాన్ని వచ్చే ఆదివారం సర్దుతూనే ఉన్నారు. పట్టీ కట్టి మీట నొక్కాను. ఆ మనిషి లుంగీ ఎగ్గట్టి నిచ్చెన ఎక్కేశారు! పగిలిన కుక్కరు కిందికొచ్చింది. పాత పరుపు కిందికొచ్చింది. మేదిని మూడు చక్రాల సైకిలు కిందికొచ్చింది. నాకు నవ్వాగలేదు. ఇన్నాళ్ళ నా కాపురంలో అంత సుఖం చూడలేదు.

ఉన్నట్టుండి పైన చప్పుడు ఆగిపోయింది.

"ఏమండీ?"

నిచ్చెన ఎక్కి చూశాను. జుట్టునిండా బూజుతో, ఒళ్ళో ఏదో పాత క్యాలెండరు పెట్టుకుని, దానివంకే తల వంచి బిగదీసుకుని కూర్చున్నారు. పెదవులు కదులుతున్నాయి. చదువుతున్నట్టు. చప్పున మెడ బిగిసింది. ఊపిరి బిగపట్టారు. కాసేపటికి వదిలారు. మళ్ళీ బిగపట్టారు. నేను వెనకనుంచి పట్టీ లాగేశాను.

ఆయన నావంక తెల్లబోయి చూశారు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రౌండ్స్," అన్నారు.

"ఏంటీ?"

"ఇది చదువు కాదు అరుంధతీ. రౌండ్సు ఇది. మా హాస్టల్లో ఫ్లోర్ ఇన్‌చార్జి ఉండేవాడు. స్టడీ అవర్స్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతా ఉండేవాడు. తలెత్తితే వీపు మీద పడేది. మేం కళ్ళతో చూసేవాళ్ళం కాదు. వాడు దగ్గరకొస్తున్నాడని వీపుకు తెలిసేది. వెళ్ళిపోతే కూడా వీపుకే తెలిసేది. ఇప్పుడు అదే వచ్చింది నాకు. వచ్చాడు, నా వెనక ఆగాడు, పోయాడు, మళ్ళీ మలుపు తిరిగాడు."

"మీరు చదివేవాళ్ళా మరి అప్పుడు?"

"చదివేవాణ్ణనుకున్నావా? చదువుతున్నట్టు కూర్చునేవాణ్ణి. పెదాలు కదిపేవాణ్ణి. భయానికి ఎంతోకొంత ఎక్కేది, అది వేరే సంగతి." ఆయన క్యాలెండరు పక్కకు నెట్టేశారు. "పాపకు ఇదా పెట్టింది మనం? రోజంతా?"

పట్టీ మీట ఆపేసి నిచ్చెన దిగాను. నాకు ఏడుపు వచ్చింది, దానికంటే ముందు కోపం వచ్చింది.

ప్రొఫెసరుగారికి చెబితే ముందు నమ్మలేదు. నా ఎదురుగానే స్పీకరు పెట్టి అబ్బాయిల హాస్టలుకు ఫోను చేశారు. ఫ్లోర్ ఇన్‌చార్జే ఎత్తాడు.

"మేం రికార్డింగు చేసిన రోజుల్లో నువ్వు హాల్లో తిరుగుతున్నావా?"

"తిరుగుతానే ఉంటాం సార్. తిరక్కపోతే ఎట్టా?"

"మరి ఆ సంగతి మాకెవరూ చెప్పలేదేం?"

అవతలి మనిషికి ప్రశ్న అర్థం కాలేదు. "ఇందులో చెప్పేదేముంది సార్? ఫ్యాను తిరుగుతుందని ఎవరన్నా చెప్తారా?"

ప్రొఫెసరుగారు ఫోను పెట్టేసి రికార్డింగుల ఫైలు ముందుకు లాక్కున్నారు. పాపం మంచి మనిషి. పిల్లల నొప్పి తీయాలని జీవితం ధారపోసి, ఒక ఇన్‌చార్జి చెప్పుల చప్పుణ్ణి ఊరందరి పిల్లల తలల్లోకీ ఎక్కించారు. చదువంటే ఇలాగే ఉంటుందని కాలేజీవాళ్ళు నమ్మారు, కాలేజీవాళ్ళకు తెలుసునని ఈయన నమ్మారు. తోడు వేసిన పెరుగే పులిసిందైతే పాలదేం తప్పు?

"ఇప్పుడేం చేద్దాం సర్?"

"కొత్త నమూనా తీయాలి. ఇష్టంగా చదువుకునే పిల్లల్ని ఎక్కడన్నా వెతకాలి. తప్పకుండా తీద్దాం." ఆయన గొంతు సవరించుకున్నారు. "పరీక్షలు అయిపోనివ్వండి. ఇప్పుడు పట్టీలు తీస్తే పిల్లలు దెబ్బతింటారు. కాలేజీవాళ్ళు ఊరుకోరు. కాస్త వేసవి దాకా ఆగుదాం."

"సర్, వాయిదా వేసే జబ్బుకు మందు కనిపెట్టింది మీరే కదూ?"

నేను తలుపు గట్టిగానే వేసి వచ్చాను.

తల్లిని కాబట్టి మేదిని పట్టీ ఒక్కటీ నేను వెళ్ళి తీసేయొచ్చు. అలా అనుకునే ఆ మధ్యాహ్నం హాస్టలుకు వెళ్ళాను. విజిటర్స్ గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, విషయం అంతా చెప్పాను. దాచలేదు. అది చేతివేళ్ళు చూసుకుంటూ విన్నది.

"తియ్యనమ్మా," అంది.

"అది చదువు కాదే తల్లీ. ఎవడిదో భయం."

"అయితే ఏంటంట? అందరూ భయంతోనే చదువుతారు. నాకు అది సరిపడా లేకే వెనకబడ్డా. ఇప్పుడుంది. బానే ఉంది." తలెత్తి నావంక చూసింది. "తీసేస్తే నేనేం చదవను. నా సంగతి నాకు తెలుసు. మళ్ళీ సోమవారం లాస్ట్‌దాకా నిలబడాలి. నువ్వొచ్చి నిలబడతావా నా బదులు?"

"ర్యాంకు లేకపోతే ఏమైందే?"

"నువ్వు అట్లా అంటావ్. నీకు పట్టీ లేకుండానే డాక్టరేట్ వచ్చింది."

రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో దానికి తెలియదు. ఆ గదిలో నేను గెలిచేది లేదు. చెయ్యి చాచి పట్టీ లాగెయ్యడం ఒక్క నిమిషం పని. కానీ నేను లాగేస్తే దాని వెనక తిరిగే మనుషుల్లో నేనొకదాన్నవుతాను. తీస్తే అదే తియ్యాలి. ఎలాగైనా తీయించాలి.

దారి కాలేజీవాళ్ళే చూపించారు. పరీక్షల ముందు పేరెంట్స్ డే పెట్టారు. వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం పట్టీ ఎలా పనిచేస్తుందో వేదిక మీద చూపించాలని లాబుకు కబురొచ్చింది. ప్రొఫెసరుగారు నన్నే వెళ్ళమన్నారు. నా మొహం చూసి "అరుంధతిగారూ..." అని ఏదో అనబోయి, మానేసి, స్టోరు తాళం నా చేతిలో పెట్టారు. స్టోర్లో ఉన్న పట్టీలన్నీ అట్టపెట్టెలో సర్దుకున్నాను. ఆయన చూస్తూనే ఉన్నారు. ఆపలేదు.

ఆదివారం మధ్యాహ్నం. షామియానా కింద తల్లులూ తండ్రులూ కిక్కిరిసి ఉన్నారు. ఒక పక్క బెంచీల మీద పట్టీలు పెట్టుకున్న పిల్లలు, అందరూ ఒకే తీరున నిటారుగా. మేదిని మొదటి వరసలో ఉంది. ప్రిన్సిపాల్ వెంకటరత్నంగారు నన్ను గొప్పగా పరిచయం చేసి, "ఇద్దరు పేరెంట్సుకు కొద్దిగా పెట్టి చూపించండి మేడమ్, ఫోటో తీసుకుంటారు" అని చెవిలో చెప్పారు.

నేను మైకు తీసుకున్నాను.

"నా పేరు అరుంధతి. ఈ పట్టీ తయారుచేసిన చోట పనిచేస్తాను. మా అమ్మాయి కూడా ఆ బెంచీ మీద ఉంది. మీ పిల్లలు రోజంతా పెట్టుకునే పట్టీ ఇది. మీలో ఇష్టమైనవాళ్ళు పెట్టుకుని చూడండి. ఫోటో కోసం కొద్దిగా పెట్టను. పిల్లలకు ఎంత పెట్టారో అంతే పెడతాను. ఇష్టం లేనివాళ్ళు రావద్దు. ఎప్పుడు తీసెయ్యాలనిపిస్తే అప్పుడు తీసెయ్యండి. మీకు ఆ వీలుంది."

ప్రిన్సిపాల్ గారు నవ్వుమొహంతోనే "మేడమ్, మేడమ్" అంటున్నారు. అప్పటికే జనం లేచారు. ఉచితంగా తెలివి పంచుతున్నారంటే మనవాళ్ళు ఆగుతారా? పెట్టె ఖాళీ అయింది. పట్టీ అందనివాళ్ళు అలిగారు కూడా. మా ఆయన్ను ఎవరో "మీరు పెట్టుకోరాండీ?" అని అడిగారు. "నాకక్కర్లేదండీ. నేను చిన్నప్పుడే పెట్టుకున్నా" అన్నారాయన.

అందరికీ కాలేజీ కరపత్రం ఒకటి చదవమని ఇచ్చాను. పిల్లల పట్టీలనూ వీటినీ ఒకేసారి మొదలుపెట్టే పలక నా చేతిలో ఉంది, దానిమీద మీట నొక్కాను.

షామియానా కింద మాటలు ఆగిపోయాయి. తలలు ఒకేసారి కరపత్రం మీదికి వంగాయి. ప్రిన్సిపాల్ గారు తృప్తిగా ఫోటోగ్రాఫర్ వైపు చెయ్యి ఊపారు. పెదవులు కదలసాగాయి. అది కూడా బాగానే ఉంది. ఆ తర్వాత, ముందు వరస నుంచి వెనక వరస దాకా అందరి మెడలూ ఒక్కసారే బిగుసుకున్నాయి. ఊపిరి బిగపట్టారు. వదిలారు. మళ్ళీ బిగపట్టారు. నీలం చీర కట్టుకున్న ఒకావిడ "ఎవరండీ వెనక?" అని సన్నగా ఏడుపు గొంతుతో అడిగింది. చదువుకోని పెద్దాయన ఒకడు, కరపత్రం తలకిందులుగా పట్టుకున్నవాడు, చదువుతున్నట్టు పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. పక్కన మిల్లు యజమానిలాంటి భారీ మనిషి పట్టీ పీకి నేలకు కొట్టి లేచి నిలబడ్డాడు.

"వీడింకా చావలేదా!" అని అరిచాడు. "హాస్టలు వదిలి పాతికేళ్ళయింది. నా కొడుకు తలలో పెట్టారా వీణ్ణి?"

ఎవరి మాటా నేను వినటం లేదు. మేదినిని చూస్తున్నాను. అది బెంచీ మీంచి లేచి నిలబడి, పెద్దవాళ్ళందర్నీ కళ్ళార్పకుండా చూస్తోంది. మళ్ళీ మెడలు బిగుసుకునే వేళకు దాని మెడ కూడా బిగిసింది. సరిగ్గా అప్పుడే. కనపడని ఆ నడక మలుపు తిరిగింది, అందరి భుజాలూ ఒకటిగా సడలాయి, దానివీ సడలాయి. అది చెయ్యెత్తి తన భుజం పట్టుకుని చూసుకుంది. నడిచి నా దగ్గరకొచ్చింది.

"అమ్మా, ఇది నాది కాదా?"

"కాదు తల్లీ."

"నేను పిరికిదాన్ని కాబట్టి ఇట్టా అవుతుందనుకున్నా. నాకొక్కదానికే అనుకున్నా." వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "ఎవరిదో పట్టుకొచ్చి నాకు పెట్టి, నన్ను బంగారుతల్లి అన్నారా?"

దాని మొహంలో నెలల తర్వాత కోపం చూశాను. బీరువా సర్దేటప్పుడు నామీద చూపించే ఆ పాత కోపం కాదు. అంతకంటే పెద్దది. రెండు చేతులూ చెవుల వెనక్కి పెట్టి పట్టీ తీసింది. చర్మం మీద ఎర్రటి గీత పడి ఉంది. నా చేతికివ్వలేదు, నేలకు కొట్టలేదు. తీసుకెళ్ళి ప్రిన్సిపాల్ గారి ముందు బల్లమీద పెట్టింది.

దాని వెనక ఇంకో అమ్మాయి వచ్చి పెట్టింది. ఆ తర్వాత లాబులో మేం చప్పట్లు కొట్టిన కుర్రవాడు. ఆ తర్వాత ఎవరెవరో. కొందరు తీయలేదు, తీయాలో వద్దో తేలక తల్లిదండ్రుల వంక చూస్తూ కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు నా చేతిలోంచి మైకు లాక్కున్నారు.

"పిల్లలందరూ స్టడీ హాల్‌కి! ఇమ్మీడియట్‌గా! పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని ఏంటీ నాటకాలు?"

మేదిని కాళ్ళు వణకడం నాకు కనపడుతూనే ఉంది. ఈ వణుకు మాత్రం అచ్చంగా దానిదే.

"రేపు చదువుతాం సర్," అంది.

"ఏంటీ?"

"రేపు సర్. ఇవాళ చదవం."

పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీల మీద పాకిపోయింది. మిల్లు యజమానాయన తన కొడుకు భుజం మీద చెయ్యి వేసి "పదరా, రేపు చదువుదువుగాని" అని గేటు వైపు నడిచాడు. మా ఆయన ప్రిన్సిపాల్ గారికి నమస్కారం పెట్టి మరీ వచ్చారు.

నా ఉద్యోగం పోయింది. కాలేజీవాళ్ళు ఆరు జిల్లాల్లోని తమ శాఖల్లో వచ్చే ఏడాది పెట్టబోయిన పట్టీలు ఆగాయి. ప్రొఫెసరుగారు పేపరుకు తన తప్పు తానే రాసి పంపారు, వేసవి దాకా ఆగలేదు. ఆయన మీద నా కోపం చాలావరకు పోయింది.

మేదిని మాత్రం మర్నాడు చదవలేదు. ఆ మర్నాడూ చదవలేదు. పగలంతా పడుకుంది, లేచి ఏడ్చింది, అన్నం కంచం తోసేసింది, బీరువా మొత్తం కింద పడేసి సర్దకుండా వదిలేసింది. లెక్కల పుస్తకం మంచం కిందికి పోయింది. మా ఆయన ఆ గది ముందు అటూ ఇటూ తిరగబోతే రెక్కపట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాను. పుస్తకం చూస్తే దానికి నొప్పి పుడుతుంది, నిజమే. ఆ నొప్పి దగ్గర కూర్చునే ఓపిక దానికి దానంతట అది రావాలి. రాకపోనూవచ్చు. ఆ భయం నాకు లేదని చెప్పను.

ఒక పొద్దున కాఫీ తీసుకెళ్ళేసరికి మంచం మీద బోర్లా పడుకుని, కాళ్ళు గాల్లో ఊపుతూ, పెన్సిలు నోట్లో పెట్టుకుని లెక్క చేస్తోంది. తప్పు చేసింది కాబోలు, "ఛీ" అని కొట్టేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నా వెనక్కి తిరిగి చూడలేదు. కాఫీ గుమ్మం దగ్గరే పెట్టి చప్పుడు కాకుండా వచ్చేశాను.

ర్యాంకెంత వచ్చిందని మాత్రం అడక్కండి. చెప్పను.